బొక్కసపు సొమ్ము - విహారభవనము

దొంగిలింపకుండుట యొక్కటే ధనాధికారికి ధర్మమా? లేక పరుల సొమ్ము చేతబట్టినవాడు, ఆ సొమ్ము ఎవరిదో వారికి, వారడిగినను అడుగకున్నను, లెక్క చెప్పుటయు ధర్మములో చేరినదేనా? ఈ ప్రశ్న పాతది. లోకులు సాధారణముగా మొదటిదానితోనే తృప్తిపడుదురు. 'ఆయన చేతికి మసి యంటలేదు' అన్నచో మెచ్చుకొని యూరకుందురు. రెండవదియే యసలైన ధర్మమని మా నమ్మకము. ఏలయనగా దొంగిలింపకుండుట తన్నుతాను శుద్ధిగా నుంచుకొనుట. లెక్క చెప్పుట ఎదుటివాని హక్కును గుర్తించుట. మొదటిది లేనివాడు చెడ్డవాడు. రెండవది లేనివాడు, ఎంత మంచివాడైనను, ఇతరుల సొమ్మును తన సొమ్ముగా తలచుచున్నవాడే.

ఈ ధర్మము ప్రభుత్వపు ఖర్చులన్నిటికిని వర్తించునదే. ఐనను పర్యాటకాభివృద్ధి యను పేర జరుగు ఖర్చును ఇచట ప్రత్యేకముగా విచారింప దలచితిమి. కారణము చెప్పెదము. ఊరిలో బావి త్రవ్వించగా నీరు పడనిచో మరునాటి యుదయమే బిందెలతో వచ్చిన స్త్రీలు అధికారిని నిలదీయుదురు. బడి కట్టించి ఉపాధ్యాయుని పంపనిచో తల్లిదండ్రులు మొరపెట్టుదురు. కాని విహారస్థలమున భవనము కట్టించి అది పాడుపడినచో అడుగువాడెవడు? అందు దిగవలసినవాడు పొరుగూరివాడు, పొరుగు దేశమువాడు. అతనికి నచ్చనిచో మరియొక చోటికి పోవును. ఇచట మొరపెట్టడు, ఇచట వోటు వేయడు. సొమ్మిచ్చినవా డొకడు, అనుభవింపవలసినవాడు మరియొకడు. ఇద్దరిలో ఏ యొక్కనికిని పూర్తి వృత్తాంతము తెలియదు. కావున అడుగువారు లేని ఖర్చునకే ఎక్కువ కట్టుదిట్టమైన లెక్క వలయును. లోకములో జరుగుచున్నది దీనికి విరుద్ధము. అడుగువారు లేరు గనుకనే లెక్క వదులుగా నున్నది.

యాత్రికునికొరకు ఖర్చుపెట్టుటయే తప్పని మేమనుట లేదు. మన పూర్వులకు ఇది మిక్కిలి యిష్టమైన దానము. దారిన సత్రము కట్టించుట, చలివేంద్రము పెట్టించుట, చెట్లు నాటించుట పుణ్యకార్యములని తలచిరి. 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తమ యాత్రాచరిత్రలో మజిలీ మజిలీకి సత్రమున్నదా, మంచినీరు దొరకునా, అంగళ్లున్నవా యని వ్రాసికొనిరి. బాటసారికి కావలసిన దేమియో ఆ గ్రంథము చూచినవారికి తేటపడును. అతనికి కావలసినది నీడ, నీరు, శుచియైన చోటు, భయములేని రాత్రి. నేటి యాత్రికుని కోరికలు కొంత పెరిగినను మూలము మారలేదు. అతడు వచ్చినచో పడవవానికి, పూటకూటింటివానికి, నేతగానికి, బొమ్మలు చేయువానికి నాలుగు రాళ్లు దొరకును. కావున పర్యాటకమునకై ప్రభుత్వము పూనుకొనుట న్యాయమే. మా విచారణ పూనుకొనిన పిదప నడువవలసిన నడవడినిగూర్చి.

సత్రములు కట్టిన దేశమే సత్రపు సొమ్ము మ్రింగిన ధర్మకర్తలనుకూడ చూచినది. దాత మాన్యమిచ్చి పోవును. ధర్మకర్త వచ్చును. మొదట అన్నము తగ్గును, పిదప అన్నము మానును, తుదకు సత్రము ధర్మకర్త బంధువుల విడిదియగును. అడిగినచో 'కట్టడము నిలిచియే యున్నది గదా, ఒక్క యిటుకయు పోలేదు' అని యతడనును. నిజమే, ఇటుకలు పోలేదు. పోయినది దాత సంకల్పము. ఇట్టి బాధలు పెరుగుటచేతనే 1920ల నడుమ, పానగల్ రాజావారు ముఖ్యమంత్రిగా నున్న కాలమున, మద్రాసు రాజధానిలో హిందూ దేవాదాయముల చట్టము పుట్టినది. దేవుని సొమ్మునకు మనుష్యులు లెక్కయడుగుట అపచారమని నాడు కేకలువేసినవారు లేకపోలేదు. కాని సంస్కారులు వెనుదీయలేదు. దేవుని సొమ్మునకే లెక్క వలయునని తేలిన దేశమున, ప్రజల సొమ్మునకు లెక్క వలదనుట యెట్లు పొసగును?

ఇక ఒక యుదాహరణము తీసికొందము. విశాఖపట్టణమునకు ఉత్తరమున, భీమునిపట్టణము పోవు దారిలో, ఋషికొండ యను కొండ కలదు. దాని పాదములను సముద్రము కడుగుచుండును. ఆ కొండపై రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థవారి 'హరిత' విడిదిగృహములుండెడివి. మధ్యతరగతి కుటుంబములు పిల్లలతో పోయి ఒకటి రెండు దినములుండి సముద్రము చూచి వచ్చుచుండిరి. 2021 మేలో ఆ విడిదిని పునర్నిర్మించుటకు కేంద్రమునుండి తీరప్రాంతపు అనుమతి వచ్చినది. పాత గృహములు కూల్చివేసిరి. కొండను త్రవ్వుచున్నారని ఫిర్యాదులు రాగా వ్యవహారము న్యాయస్థానముల కెక్కినది. 2022 మేలో జాతీయ హరిత ట్రిబ్యునలు పనులాపుమన్నది. 2022 జూను 1వ తేదీన సుప్రీముకోర్టు, రాష్ట్రపు హైకోర్టు ముందున్న వివాదము తేలువరకు, పూర్వము కట్టడములుండి కూల్చబడిన సమతలమునందు మాత్రమే పనులు చేసికొనవచ్చునని, క్రొత్తగా త్రవ్విన చోట కట్టరాదని యాజ్ఞాపించినది.

పని సాగినది. 400 కోట్లకు మించిన ప్రజాధనము వెచ్చమైనది. 2024 ఫిబ్రవరి తుదిని ప్రారంభోత్సవము జరిగినది. ఐతే ఆ భవనములు దేనికొరకు? కాగితములపై పర్యాటకుల విడిది. కాని ముఖ్యమంత్రి విడిదికి అవి యనుకూలముగా నున్నవని ఉన్నతాధికారుల సంఘము తలచినట్లు నాటి ప్రభుత్వపువారే చెప్పిరి. నిర్మాణకాలమున సామాన్యునికి లోపల నేమున్నదో చూచు వీలు లేకపోయెను. 2024 జూనులో ప్రభుత్వము మారిన పిదప తలుపులు తెరచి చూపిరి. విశాలమైన గదులు, విలువైన స్నానశాలలు, పాలరాతి నేలలు ప్రజలు చిత్రములలో చూచిరి. క్రొత్త ముఖ్యమంత్రి 2024 నవంబరులో స్వయముగా పోయి చూచివచ్చిరి. ఐనను దానిని దేనికి వినియోగింపవలెనను ప్రశ్న వెంటనే తేలలేదు. మాసములు గడచినను అది చర్చగానే నిలిచినది.

ఎవరు దోషులని తీర్పు చెప్పుటకు మేము న్యాయాధికారులము గాము. ఆ భవనములలో ఒక్క రూపాయియైన అపహృతమైనదని మేమనుట లేదు. అపహరణము లేదనియే యనుకొందము. కొటేషన్లు, రశీదులు, కొలతల పుస్తకములు అన్నియు సరిగానే యున్నవనుకొందము. అప్పుడుకూడ మా ప్రశ్న నిలిచియేయుండును: విడిదియని మంజూరైన సొమ్ము విడిదికే చేరినదా? సత్రపు ధర్మకర్త మాట ఇచట జ్ఞాపకమునకు వచ్చుచున్నది. ఇటుకలన్నియు ఉన్నవి. సంకల్పమేది?

కొందరు ఇట్లనవచ్చును: 'భవనము రాష్ట్రపు ఆస్తియే. ఎవరును ఇంటికి మోసికొని పోలేదు. నేడు గాకున్న రేపు ఉపయోగించును.' ఈ మాటలో కొంత న్యాయమున్నట్లు తోచును. కాని ఒక గృహస్థుని తలచుకొనుడు. కుమార్తె చదువునకని తమ్ముని చేతికి సొమ్మిచ్చెను. తమ్ముడు ఆ సొమ్ముతో వెండిపళ్లెములు కొని తెచ్చి, 'ఇవి మన యింటివే గదా, విలువ పోదు' అనెను. దొంగతనము జరిగినదా? లేదు. ఐనను ఆ పిల్ల చదువు ఆగినది. గృహిణి యట్టి మరదిచేత మరల సొమ్ము పెట్టదు. ప్రయోజనము మార్చినవాడు సొమ్ము పోగొట్టకున్నను, సొమ్మిచ్చినవాని నోటిమాటను పోగొట్టినవాడు. మన రాజ్యాంగములోని 266వ యధికరణము ఈ గృహధర్మమునే శాసనముగా చెప్పుచున్నది. రాష్ట్రపు సంచితనిధినుండి సొమ్ము తీయవలెనన్న చట్టానుసారముగా, రాజ్యాంగము నిర్ణయించిన ప్రయోజనములకు, నిర్ణయించిన విధముననే తీయవలయును. వెచ్చము చేయువాని సద్బుద్ధిని నమ్మి విడిచిపెట్టలేదు.

'ఎన్నికలున్నవి గదా, ప్రజలకు నచ్చనిచో దింపివేయుదురు, అంతకు మించిన లెక్కయేమి?' అని మరికొందరందురు. ఈ వాదము మరింత జాగ్రత్తగా పరిశీలింపదగినది. ఐదేండ్ల కొకసారి పడు వోటు వేయి ప్రశ్నలకు ఒక్క సమాధానము. బియ్యము, బడి, ఉద్యోగము, రాజధాని, కులము, అభిమానము అన్నియు అందులో కలిసియుండును. అది ఋషికొండకు చెప్పిన సమాధానమని ఎవడు తేల్చగలడు? మరియు వోటు శిక్షింపగలదు, గాని లెక్క చెప్పజాలదు. 2024లో ప్రభుత్వము మారినది. కొండ మరల మునుపటి కొండ కాలేదు. ఖర్చైన సొమ్ము తిరిగి రాలేదు. పనివానిని మార్చినంతమాత్రమున పాతపద్దు పూర్తికాదు. క్రొత్తవాడు వచ్చిన దినమునుండి ఆ పద్దు అతని బాధ్యతయే యగును. పూర్వపువారి తప్పును చూపుట ఒక దినముతో ముగియవలసిన పని. ఆ భవనముతో నేమి చేయవలెనో నిర్ణయించి, దానిపై నెలనెల పడు ఖర్చెంతో ప్రకటించుట ప్రతిదినము చేయవలసిన పని.

లెక్కయడుగుటకు మన దేశమున సాధనములు లేవా? ఉన్నవి. రాజ్యాంగపు 148వ యధికరణముచే ఏర్పడిన మహా లెక్కల పరిశోధకుడు, కాగ్ అని అందరెరిగినవాడు, కలడు. రాజ్యాంగసభలో 1949 మేలో అంబేడ్కరుగారు ఈ యధికారి బాధ్యత న్యాయమూర్తుల బాధ్యతకంటెను గొప్పదని యభిప్రాయపడిరి. అతని నివేదికలు 151వ యధికరణము ననుసరించి గవర్నరు ద్వారా శాసనసభ ముందుకు వచ్చును. సభలోని ప్రజాపద్దుల సంఘము వానిని విమర్శించును. ప్రతిపక్షమువారొకరు ఆ సంఘమునకు అధ్యక్షులుగా నుండుట మంచి యాచారము. పరీక్షింపబడువాడే పరీక్షకుడు కారాదని దాని భావము. 2024 నవంబరులో మన రాష్ట్రమున, ప్రతిపక్షమునకు చాలినంత బలము లేదను కారణముచే, ఆ పీఠము ప్రభుత్వకూటమివారికే చేరినది. సంఖ్యాబలమును బట్టి అది సక్రమమే కావచ్చును. ఐనను ఎదుటివాని కన్నులతో తన పద్దును చూపించుకొను గొప్ప యవకాశము పోయినది.

సాధనములున్నను ఫలము తక్కువగుటకు మరియొక కారణము కలదు. పర్యాటకపు ఖర్చు పలుమార్లు శాఖ చేతులమీదుగా గాక, సంస్థ లేక కంపెనీ చేతులమీదుగా జరుగును. శాసనసభలో శాఖకు మొత్తముగా ఒక పద్దు మంజూరగును. ఆ సొమ్ము సంస్థకు పోయిన పిదప ఏ కొండకు ఎంత, ఏ గదికి ఎంత యను వివరము సభ్యుల కంటికి ఆనదు. అడిగినచో 'ఇది వ్యాపార విషయము, రహస్యము' అను మాట వచ్చును. సంస్థ ప్రభుత్వపుదైనచో కాగ్ పరీక్ష దానికిని తప్పదు. కాని ఆ పరీక్ష సొమ్ము వెచ్చమైన పిదప, కొన్నిసార్లు మూడు నాలుగేండ్లకు, బయటికి వచ్చును. కేంద్రము 2014-15లో ఆరంభించిన స్వదేశ్ దర్శన్ పథకమునందలి ప్రణాళికాలోపములను కాగ్ నివేదిక 2023లో ఎత్తిచూపినది. నడుమ ఎనిమిదేండ్లు గడచినవి. మంట లారిన పిదప వచ్చు నీళ్లబండి వంటిదిది. దానివలన ప్రయోజనము లేదనము. తరువాతి యిల్లు దక్కవచ్చును. కాని కాలిన యిల్లు కాలినదే.

ఋషికొండ పాదముననే జరిగిన మరియొక వృత్తాంతము చదువరులు విని యుందురు. అచటి సముద్రతీరమునకు 2020 అక్టోబరులో 'నీలిపతాక' గౌరవము వచ్చినది. శుచి, నీటి నిర్మలత్వము, రక్షణ మొదలగువానిని చూచి డెన్మార్కు దేశములోని యొక సంస్థ ఇచ్చు గుర్తిది. దేశములో మొదట ఎనిమిది తీరములకే అది లభించినది. 2025 ఆరంభమున తీరము అపరిశుభ్రముగా నున్నదని చిత్రములతో ఫిర్యాదులు పోగా ఆ సంస్థ పతాకను తాత్కాలికముగా తొలగించినది. అంతట అధికారులు పరుగులెత్తిరి. తీరము శుభ్రమైనది. ఆ మార్చి నెలలోనే పతాక మరల ఎగిరినది.

దీనియందు సంతోషమును కలదు, సిగ్గును కలదు. లెక్కయడుగువాడు స్పష్టముగా అడిగి, లెక్క తప్పినచో ఇచ్చినదానిని తీసికొనగల్గినచో, ప్రభుత్వయంత్రము కొలది వారములలోనే కదలునని తెలిసినది. ఇది సంతోషము. సముద్రమునకు ఆవలనున్న సంస్థ చెప్పగా కదలినవారు, ప్రతిదినము ఆ యిసుకపై నడచు విశాఖవాసి చెప్పినచో అంత వేగముగా కదలుదురా? ఇది సిగ్గు. ఆ సంస్థకున్న బలమేమి? సేన లేదు, చట్టము లేదు. దానియొద్ద వ్రాసి ప్రకటించిన నియమముల పట్టిక కలదు. దానిని తప్పినచో జెండా దింపెదమను దృఢత్వము కలదు. మన పౌరునియొద్ద ఆ పట్టికయే లేదు. ఏ భవనము ఏ ప్రయోజనమునకు, ఎంత సొమ్ముతో, ఎప్పటికి పూర్తికావలెనో ముందుగా వ్రాసి ప్రకటించినచో గదా, తప్పినప్పుడు వ్రేలెత్తి చూపుట!

లెక్కలో ఖర్చుచేసిన సొమ్మే గాక, ఖర్చుచేయని సొమ్మునకును పద్దుండవలెను. ఋషికొండకు కొంతదూరములో అదే సముద్రపు దారిలో తొట్లకొండ కలదు. రెండువేల యేండ్ల క్రిందట బౌద్ధభిక్షువులు వర్షాకాలము గడపిన ఆరామము అచట నుండెను. వాననీరు నిలుపుటకు రాతిలో తొలిచిన తొట్లనుబట్టి ఆ కొండకు పేరు వచ్చినది. 2019 అక్టోబరు వానలకు అచటి మహాస్తూపములో పెద్దభాగము కూలినది. రెండువేల యేండ్లనాటివారు నీటిని నిలుపనేర్చిన చోట, మనము స్తూపమును నీటినుండి కాపాడనేరకపోతిమి. ఒక కొండపై క్రొత్త కట్టడమునకు వందలకోట్లు దొరకినవి; పొరుగుకొండపై పాత కట్టడము వానకు నానినది. ఈ రెండు పద్దులను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన నాడు గాని మన పర్యాటకవిధానపు నిజస్వరూపము తెలియదు.

మంచి దృష్టాంతములు మనకు లేకపోలేదు. 1955 డిసెంబరులో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినప్పుడు ఇక్ష్వాకుల విజయపురి నీట మునుగునని యందరెరుగుదురు. 1954 మొదలు 1960 వరకు పురావస్తుశాఖవారు ఆ లోయనంతను త్రవ్వి, ముఖ్యకట్టడములను, శిల్పములను కొండపైకి చేర్చిరి. నేడది ద్వీపము, పడవనెక్కి పోయి చూచివచ్చువారు ఎందరో. అచట ఏమి పోవుచున్నది, ఏమి దక్కించుకొనవలెను, ఎందుకు అను ప్రశ్నలకు సమాధానము పని ఆరంభమునకు ముందే యుండెను. ప్రయోజనము స్పష్టముగా నున్నచోట సొమ్ము దారితప్పుట కష్టము.

ఇక చేయవలసిన దేమి? మేము గొప్ప సిద్ధాంతములు చెప్పము. విహారస్థలమునకు ప్రజాధనము వెచ్చించు ప్రతిచోటను ఆరు సంగతులు తెలుగులో, పెద్ద యక్షరములతో, ద్వారముకడనే పలకపై వ్రాయవలెను: మంజూరైన సొమ్మెంత, ప్రయోజనమేమి, ఇప్పటికి ఖర్చైన దెంత, ఏటేట వచ్చిన యాత్రికులెందరు, ఆదాయ మెంత, నిర్వహణవ్యయ మెంత. ప్రయోజనము మార్చదలచినచో కట్టిన పిదప గాక, కట్టుటకు ముందే శాసనసభలో చెప్పి మార్చవలెను. కొండ, తీరము, చెరువు ఎవరి జీవనాధారమో ఆ జాలరులను, ఆ గ్రామస్థులను పని మొదలు పెట్టకముందే అడుగవలెను. 2005 నాటి సమాచారహక్కు చట్టములోని 4వ సెక్షను ఇట్టి వివరములను అడుగకముందే ప్రకటించుట అధికారుల విధియని చెప్పుచున్నది. చట్టము క్రొత్తది వలదు. ఉన్న చట్టమునకు పలక వలయును.

ఈ బాధ్యత పాలకులదే కాదు. మన యిండ్లలో పాలవాని పద్దు, చాకలి పద్దు, కిరాణాపద్దు వ్రాసికొను గృహిణులు ఎందరో యున్నారు. నెలాఖరున పావలా తేడావచ్చినచో వెదకి పట్టుకొనువారు వారు. ఆ చూపునే ఏడాదికొకసారి రాష్ట్రపు బడ్జెటువైపు త్రిప్పవలెనని కోరుచున్నాము. అది పండితులకు మాత్రమే తెలియు శాస్త్రమని భయపడనక్కరలేదు. వచ్చినదెంత, పోయినదెంత, దేనికి పోయినది, దానివలన కలిగినదేమి అను నాలుగు ప్రశ్నలు వంటయింటి పద్దులోనివే. సెలవులకు పిల్లలతో విహారస్థలమునకు పోయినప్పుడు సముద్రమును చూపుడు, శిల్పమును చూపుడు. ప్రక్కనున్న భవనమును చూపి 'ఇది ఎవరి సొమ్ముతో కట్టినారు?' అని పిల్లవాడడిగినచో 'ప్రభుత్వముది' అని చెప్పి యూరకుండవలదు. 'మనది' అని చెప్పుడు. మనదని నమ్మి పెరిగిన పిల్లవాడు లెక్కయడుగుటకు జంకడు.

లెక్కయడుగుట పాలకుని యవమానించుట గాదు. నమ్మకము లేనివాని చేతికి ఎవడును సొమ్మీయడు. ఇచ్చినాము గనుకనే అడుగుచున్నాము. చెప్పినవానికి గౌరవము పెరుగును. చెప్పనివానికి, అతడు ఎన్ని కొండలపై ఎంత చక్కని భవనములు కట్టించినను, ప్రజల మనస్సులో నిలువనీడ దొరకదు.